విశాఖ మునుగుతుందన్న వార్తను ఎలా చదవాలి: వాతావరణ అంచనాలను అనుమానించే పద్ధతి

2021 ఆగస్టులో వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక తొలి భాగం వెలువడిన కొద్ది రోజులకే మన పత్రికల్లోనూ టీవీల్లోనూ ఒక వార్త హోరెత్తింది. ఈ శతాబ్దం చివరికి విశాఖపట్నం, ముంబై, చెన్నై, కొచ్చి సహా దేశంలోని 12 తీర ప్రాంతాలు దాదాపు మూడు అడుగుల నీటిలో మునిగిపోతాయని, ఆ మాట చెప్పింది నాసా అని దాని సారాంశం. ఇలాంటి వార్త చూసి బెంబేలెత్తడం తేలిక, ‘ఇలాంటివి ఎన్ని వినలేదు’ అని కొట్టిపారేయడమూ తేలికే; ఆ రెండింటికీ వార్తను పూర్తిగా చదవనక్కర్లేదు. సరిగ్గా అనుమానించడానికి మాత్రం కొంత ఓపిక, ఒక పద్ధతి కావాలి. ఆ పద్ధతిని ఈ విశాఖ వార్త మీదే ప్రయోగించి చూద్దాం.

అసలు మాట ఎవరిది, అంకె దేనిది

మొదట చేయవలసిన పని, ఆ మాట ఎవరన్నారో, ఏ మాటల్లో అన్నారో వెతికి పట్టుకోవడం. ఈ వార్త వెనుక విశాఖ మునుగుతుందన్న నాసా ప్రకటన ఏదీ లేదు. ఐపీసీసీ నివేదికలోని సముద్ర మట్టపు అంచనాలను పటం మీద చూపించడానికి నాసా ఒక వెబ్ పరికరాన్ని అందుబాటులో పెట్టింది. పటం మీద తీరం వెంబడి సముద్ర మట్టాన్ని కొలిచే కేంద్రాలున్న చోట చుక్కలుంటాయి. ఏదైనా చుక్కను నొక్కితే అక్కడ దశాబ్దాల వారీగా మట్టం ఎంత పెరగవచ్చో కనిపిస్తుంది. అక్కడి నుంచి పత్రికలు విశాఖకు తీసుకున్న అంకె 1.77 అడుగులు, అంటే సుమారు 54 సెంటీమీటర్లు. జాబితాలో అన్నిటికన్నా పెద్ద అంకె గుజరాత్‌లోని భావనగర్‌ది, 2.70 అడుగులు. దాన్నే మూడు అడుగులుగా సవరించి పన్నెండింటికీ కలిపి కట్టేసరికి, విశాఖకు తనది కాని అడుగు పైచిలుకు నీరు శీర్షికలోనే వచ్చి చేరింది.

అంకె దొరికిన తరువాత అది దేన్ని కొలుస్తోందో అడగాలి. నా దృష్టిలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఆ 1.77 అడుగులు అన్నది 1995–2014 మధ్య కాలపు సగటుతో పోల్చినప్పుడు సముద్ర మట్టంలో రాగల పెరుగుదల. వీధుల్లో నిలిచే నీటి లోతుతో దానికి నేరుగా సంబంధం లేదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో విశాఖ తీరంలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా ఇప్పటికే మీటరు దాటుతోంది, ఊరు మునగడం లేదు. కనుక సగటు మట్టం అర మీటరు పెరిగినంత మాత్రాన కొండల నడుమ ఎత్తుపల్లాలతో ఉన్న నగరం నీటిపాలు కాదు. అలాగని ఆ అర మీటరును తీసిపారేయడానికీ వీల్లేదు. హుద్‌హుద్ లాంటి తుఫాను సరిగ్గా పోటు వేళకు తీరం దాటితే, ఉప్పెన ఆ పెరిగిన మట్టం పైనుంచే లెక్క మొదలుపెడుతుంది.

ఇదే చోట మరో ప్రశ్న కూడా వేయాలి: కళ్లముందు కనిపిస్తున్న నష్టానికి కారణం వార్త చెబుతున్నదేనా? ఆర్కే బీచ్ కోత బొమ్మను ఇలాంటి కథనాలకు జత చేయడం ఆనవాయితీగా మారింది. అక్కడి కోతలో ఓడరేవుకు పెద్ద వాటా ఉంది. తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది; 1970లలో ఔటర్ హార్బర్ కోసం కట్టిన అడ్డుగోడలు ఆ ఇసుకను ఆపేశాయి కాబట్టే, దాన్ని తవ్వి తెచ్చి బీచ్‌లో పోయించే పని ఏళ్లుగా సాగుతోంది. సముద్ర మట్టం పెరుగుదల ఆ కోతను ఎక్కువ చేయగలదు, కానీ ఈ రోజు మనం చూస్తున్న బొమ్మ ప్రధానంగా దానిది కాదు. పైగా శీర్షికలు విశాఖ మీదే దృష్టి పెట్టడంతో అసలు ఆందోళన చెందవలసిన చోటు మరుగున పడింది. పల్లపు నేలలు కోనసీమలోనూ దివిసీమలోనూ ఉన్నాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో ఎన్ని వేల ప్రాణాలు తీసిందో ఆ తరం వారికి చెప్పనక్కర్లేదు. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడంతో గోదావరి, కృష్ణా డెల్టాలకు కొత్త మట్టి చేరడం కూడా తగ్గింది. అర మీటరు తేడా లెక్కకు వచ్చే నేల అది.

షరతు ఎక్కడ జారిపోయింది

అదే పరికరంలో విశాఖ చుక్కను నొక్కితే ఒకే జవాబు రాదు. ప్రపంచం ఇకపై ఎంత బొగ్గు, చమురు కాలుస్తుందన్న ఊహను బట్టి వేర్వేరు దారులు ఉంటాయి, ఒక్కో దారికీ కింది హద్దు, పై హద్దు ఉంటాయి. ప్రపంచ సగటునే తీసుకుంటే, 2100 నాటి పెరుగుదల ఉద్గారాలు అతి తక్కువగా ఉండే దారిలో 0.28 నుంచి 0.55 మీటర్లు, అతి ఎక్కువగా ఉండే దారిలో 0.63 నుంచి 1.01 మీటర్లు ఉండవచ్చని ఆ నివేదిక చెబుతుంది. అంటే ఇవి ‘ఇలా చేస్తే ఇలా కావచ్చు’ అనే షరతుతో కూడిన లెక్కలు. షరతు తీసేసి ‘ఇలా అవుతుంది’ అని రాస్తే అది జోస్యంగా మారుతుంది. కాబట్టి వార్తలో ఏ దారి అన్నది ఉందా, హద్దులు రెండూ ఇచ్చారా, పై హద్దు ఒక్కటే ఇచ్చారా అన్నది చూడాలి. 2010లలో వచ్చిన చాలా భయానక కథనాల వెనుక ఆర్‌సీపీ 8.5 అనే దారి ఉండేది. ఈ శతాబ్దమంతా బొగ్గు వాడకం విపరీతంగా పెరుగుతూ పోతుందని ఊహించే దారి అది. దాన్ని ‘ఇప్పటిలాగే సాగితే’ అన్న పేరుతో చూపడం తప్పుదారి పట్టిస్తుందని జీక్ హౌస్‌ఫాదర్, గ్లెన్ పీటర్స్ 2020లో నేచర్ పత్రికలో రాశారు. వారిద్దరూ వాతావరణ శాస్త్ర రంగంలోనే పనిచేసేవారు. ఆ రంగం మీద బలమైన విమర్శ తరచుగా లోపలి నుంచే వస్తుందని సంశయవాదులు గమనించాలి.

మాటల కొలతలు కూడా తెలిసి ఉండాలి. ఐపీసీసీ భాషలో ‘జరిగే అవకాశం ఉంది’ అంటే కనీసం 66 శాతం, ‘చాలా ఎక్కువ అవకాశం ఉంది’ అంటే కనీసం 90 శాతం. మొదటి రకం మాటలు మూడింట ఒక వంతు తప్పినా శాస్త్రం తప్పినట్టు కాదు. ఇక వర్షాకాలపు ముందస్తు సూచనను వందేళ్ల అంచనాతో కలపకూడదు. 2023 ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవన వర్షపాతం దీర్ఘకాలిక సగటులో 96 శాతం ఉంటుందని, ఐదు శాతం అటూ ఇటూ కావచ్చని చెప్పింది. 94 శాతం కురిసింది. సూచన సరిపోయింది, అయినా ఆ ఏడాది ఆగస్టు 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టుగా నిలిచింది. వాతావరణ శాఖ అబద్ధం చెప్పిందని అనుకున్న రైతుదీ తప్పు కాదు, దేశమంతటి సగటు అతని చేనుకు సంబంధించిన మాట కాదు.

అనుమానం గెలిచిన సందర్భం

అనుమానం ఎలా ఉండాలో చూపడానికి హిమాలయాల ఉదంతాన్ని మించినది నాకు కనిపించదు. 2007 నాటి ఐపీసీసీ నాలుగో నివేదికలో, రెండో కార్యవర్గం రాసిన ఆసియా అధ్యాయంలో, హిమాలయ హిమానీనదాలు 2035 నాటికే మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువని ఉంది. దీనికి ఆధారంగా చూపినది ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 2005 నాటి నివేదిక. దానికి ఆధారం 1999లో న్యూ సైంటిస్ట్ పత్రికలో వచ్చిన కథనం. గొలుసు చివరిదాకా వెళ్లినా, తోటి శాస్త్రవేత్తల సమీక్షకు నిలిచిన పరిశోధన ఏదీ కనిపించదు. గొలుసు వెతకకుండానే పట్టుకోగల తప్పు కూడా ఆ పేజీలోనే ఉంది. ఒక చోట హిమాలయ హిమానీనదాల విస్తీర్ణం సుమారు 30 లక్షల హెక్టార్లు అన్నారు, అంటే 30 వేల చదరపు కిలోమీటర్లు. ఆ తరువాత అదే విస్తీర్ణం 2035 నాటికి 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకు తగ్గుతుందన్నారు. ఉన్నది 30 వేలైతే 5 లక్షలు ఎక్కడివి? పూర్తిగా మాయమైతే లక్ష ఎలా మిగులుతుంది? ధ్రువాలకు వెలుపల ప్రపంచంలో ఉన్న హిమానీనదాలన్నిటి గురించి రష్యా శాస్త్రవేత్త కొత్ల్యాకోవ్ 1996లో ఇచ్చిన అంకెలవి, ఆయన వేసిన సంవత్సరం 2350. హెక్టార్లను చదరపు కిలోమీటర్లలోకి మార్చడం వచ్చిన ఎవరైనా అక్కడ ఆగి ఉండవలసింది.

2009 నవంబరులో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్, భూగర్భ శాస్త్రవేత్త వి.కె. రైనా రాసిన చర్చాపత్రాన్ని విడుదల చేసి ఆ వాదనను ప్రశ్నించారు. ఐపీసీసీ అధ్యక్షుడు రాజేంద్ర పచౌరీ దాన్ని ‘వూడూ సైన్స్’ (మంత్రతంత్రాల లాంటి సైన్స్) అని తోసిపుచ్చారు. 2010 జనవరి 20న ఐపీసీసీ ఆ పేరా తగిన ఆధారాలు లేకుండా చేరిందని ఒప్పుకుని విచారం ప్రకటించింది. అయితే అనుమానం నెగ్గిన ఆ నెలల్లోనే, హిమానీనదాలు కరగడమే లేదన్న ప్రచారం కూడా మొదలైంది. సంవత్సరం తప్పు కావడం వేరు, మంచు కరగకపోవడం వేరు. భూతాపం 1.5 డిగ్రీలకు పరిమితమైనా ఈ శతాబ్దాంతానికి హిందూకుష్ హిమాలయ ప్రాంతపు హిమానీనదాల్లో మూడో వంతు పోతుందని ఖాట్మండూలోని పర్వత ప్రాంతాల అధ్యయన సంస్థ ఐసీఐఎంఓడీ 2019లో అంచనా వేసింది.

తప్పిన జోస్యాల జాబితా చేతికొస్తే

వాట్సాప్‌లో తిరిగే ‘విఫలమైన వాతావరణ జోస్యాలు’ జాబితాలకూ ఇదే పరీక్ష పెట్టాలి. వాటిలో నిజంగా తప్పినవి ఉన్నాయి. ఐదు నుంచి ఏడేళ్లలో ఆర్కిటిక్ వేసవి మంచు పూర్తిగా పోయే అవకాశం 75 శాతం ఉందని 2009 డిసెంబరులో కోపెన్‌హాగన్‌లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ చెప్పారు. మంచు తగ్గింది గాని పోలేదు, ఏ శాస్త్రవేత్త పేరు ఆయన చెప్పారో ఆ శాస్త్రవేత్తే ఆ శాతం ఎలా వచ్చిందో తనకు అంతుపట్టలేదన్నారు. అదే జాబితాల్లో ‘2000 నాటికి దేశాలే మునిగిపోతాయని 1989లో ఐక్యరాజ్యసమితి చెప్పింది’ అన్నది కూడా ఉంటుంది. ఆనాటి అసోసియేటెడ్ ప్రెస్ వార్తలో ఉన్నది, 2000 నాటికి భూతాపం ధోరణిని మళ్లించకపోతే దేశాలు తుడిచిపెట్టుకుపోవచ్చని. గడువు దిద్దుబాటుకు, మునకకు కాదు. 1970లలో శాస్త్రవేత్తలంతా మంచుయుగం వస్తోందన్నారన్న మాట కూడా ఇలాంటిదే. న్యూస్‌వీక్ 1975లో అలాంటి కథనం వేసిన మాట నిజం. 1965–79 మధ్య పరిశోధనా పత్రాలను 2008లో లెక్కించి చూస్తే చల్లబడుతుందన్నవి 7, వేడెక్కుతుందన్నవి 44.

చివరగా, అంచనాను ఇప్పటికే ఉన్న కొలతతో తూచి చూడాలి. 1993–2017 మధ్య ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం ఏడాదికి సగటున 3.3 మిల్లీమీటర్లు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెబుతోంది. ఇదే వేగం 1995–2014 మధ్యకాలపు నడిమి నుంచి 2100 దాకా, అంటే సుమారు 95 ఏళ్లు సాగితే వచ్చేది దాదాపు 31 సెంటీమీటర్లు, పత్రికల్లోని 54 కాదు. కనుక విశాఖ అంకె నిజం కావాలంటే పెరుగుదల వేగం హెచ్చాలి. ప్రపంచ సగటులో అది హెచ్చుతూనే ఉంది: ఉపగ్రహ కొలతల తొలి దశాబ్దంతో పోలిస్తే 2013–2022 మధ్య వేగం రెట్టింపైందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఇకపై సముద్రం గురించిన ఏ వార్త వచ్చినా, అందులో మొదట వెతకవలసింది ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లన్న ఆ అంకెనే.