పాత పటాలు, విరిగిన స్వరూపాలు, తెగిన జపమాలలు: ఏం చేయాలి?

విజయవాడలో మా విచారణ గుడిలో (మా పేట కతోలికుల చర్చిలో) బలిపీఠం గుడ్డలు ఉతకడం, పూలు సర్దడం నా పని. ఆ చనువుతో పూజ అయ్యాక ఆడవాళ్లు సంచులు పట్టుకొని నా దగ్గరికే వస్తారు. “ఆంటీ, అమ్మ పోయింది, ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఈ పటాలన్నీ ఏం చేయమంటారు? పారేస్తే పాపమా?” అని అడుగుతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాక ఈ అడిగేవాళ్లు బాగా పెరిగారు. యేసు తిరుహృదయ పటాలు, బైబిళ్లు, జపపుస్తకాలు బురద ముద్దలై వచ్చాయి. అందరికీ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు టెన్షన్ వదిలేయండి. మరియమ్మ స్వరూపం (విగ్రహం) చెయ్యి విరిగితే ఇంటికి అరిష్టమని, జపమాల తెగితే ఎవరికో ఏదో అవుతుందని శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఎక్కడా బోధించలేదు. శ్రీసభ అడిగేది ఒక్కటే, మర్యాద. 1983లో వచ్చిన శ్రీసభ చట్టాల గ్రంథంలో 1171వ చట్టం ఈ సంగతే చెబుతుంది. ఆశీర్వాదంతో దైవారాధనకు ప్రత్యేకించిన వస్తువులను గౌరవంగా చూడాలి, తగని పనులకు వాడకూడదు, అవి సొంత మనుషుల ఆస్తి అయినా సరే. మన బీరువాలో ఉన్న జపమాలకూ ఇది వర్తిస్తుందన్నమాట. పెద్దల కాలం నుంచి వస్తున్న పద్ధతి కూడా దీన్నిబట్టే: పనికిరానిదాన్ని కాల్చాలి, లేదా పూడ్చాలి. ఎవరి కాలి కిందా పడకుండా, చెత్తలో కలవకుండా చూడడమే దాని ఉద్దేశం.

సంచి కింద పోసి, ఫాదర్ గారు మంత్రించినవి (అంటే ప్రార్థించి ఆశీర్వదించినవి) ఒక పక్క, మంత్రించనివి ఒక పక్క పెట్టండి. క్యాలెండర్లు, పెళ్లికార్డుల మీది తిరుకుటుంబం బొమ్మలు, నవదిన జపాల కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన పునీతుల ఫోటోలు మామూలుగా ఎవరూ మంత్రించరు. అవి కాగితాలే. బొమ్మ ఉన్న ముక్క కత్తిరించి విడిగా కాల్చి, మిగతాది పాత పేపర్లలో వేసేయొచ్చు. అంతమాత్రాన దాంట్లో మిరపకాయ బజ్జీలు చుట్టమని కాదు. మంత్రించారో లేదో గుర్తులేకపోతే మంత్రించిందనే అనుకోండి, పోయేదేం లేదు.

కాల్చడం, పూడ్చడం చివరి మాట. ఎవరికైనా పనికొస్తుందేమో ముందు చూడండి. చాలామంది దీన్ని దాటేస్తారు, నాకు కోపం వచ్చేది ఇక్కడే. బాగున్న స్వరూపాన్ని “మాకు చోటు లేదు” అని పూడ్చేస్తానంటారు. ఫాదర్ గారు ఆదివారం మాత్రమే వెళ్లే చిన్న ఊళ్లలో, సిస్టర్లు నడిపే హాస్టళ్లలో, సత్యోపదేశం (మత పాఠాలు) నేర్చుకునే పిల్లల్లో అడిగేవాళ్లు ఉంటారు. మరియదళం (ఇళ్లు తిరిగే మా ప్రార్థన బృందం) వాళ్లకు చెబితే ఏ ఇంటికి ఏం కావాలో వాళ్లకు తెలుసు. అయితే ఇచ్చేముందు తుడిచి, బాగుచేసి ఇవ్వండి. ప్లాస్టర్ స్వరూపానికి వేలు ఊడితే ఫెవికాల్, గోడకు పెట్టే పుట్టీ చాలు. ఆరాక సన్నని ఉప్పుకాగితంతో రుద్ది ఎనామిల్ పెయింట్ వేస్తే అతుకు కనపడదు. లూర్దు మాతకు తెల్ల అంగీ, నీలం నడికట్టు. ఆ రంగులు మార్చకండి. తెగిన జపమాలను సన్నని తీగతో మళ్లీ గుచ్చొచ్చు. పూసలు తక్కువైతే రెండు పాతవాటిని కలిపి ఒకటి చేస్తాను.

ఇక ఎవరికీ పనికిరానివి. కాగితం, కొయ్య, బట్ట నిప్పుకు వెళ్తాయి. ఫ్రేమున్న పటాన్ని అలాగే మంటలో వేయకండి, అద్దం పగిలి మీద పడుతుంది. వెనక మేకులు ఊడదీసి పటం ఒక్కటే బయటికి తీయండి. అద్దం, అల్యూమినియం ఫ్రేము పాత సామాన్లవాడికి ఇవ్వొచ్చు, మంత్రించింది వాటిని కాదు. వరదలో తడిసి అద్దానికి అంటుకున్న పటాన్ని పీకితే మరియమ్మ ముఖం సగం అద్దం మీదే ఉండిపోతుంది. దాచుకోవాలనుకుంటే అద్దంతో సహా ఉంచండి. వద్దనుకుంటే బకెట్ నీళ్లలో నానబెట్టి, కాగితం దానంతటదే వదిలాక ఆరబెట్టి కాల్చండి. లామినేషన్ కాల్చకండి, ఆ పొగ మంచిది కాదు. కత్తెరతో అంచులు కత్తిరించి, లోపలి కాగితం వచ్చినంత వరకు తీసుకోండి. పాత ఇనుప బాండీలో, గాలి లేనప్పుడు, మేడ మీద కాకుండా నేల మీద కాల్చండి. మొదలుపెట్టేముందు ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పుకుంటే చాలు. దీనికి ప్రత్యేకమైన తంతు అక్కర్లేదు, ఫాదర్ గారు వచ్చి నిలబడనక్కర్లేదు. బూడిద మొక్కల మొదట్లో కలిపేయండి. భుజాలకు వేసుకునే ఉత్తరీయం (తాడుతో కలిపిన రెండు చిన్న బట్టముక్కలు) చివికిపోతే దానికీ ఇదే దారి.

మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) తెచ్చుకున్న మట్టలను మాత్రం ఇంట్లో కాల్చకండి. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందు గుడికి ఇచ్చేయండి. నిరుటి మట్టలు కాల్చిన బూడిదనే కదా ఫాదర్ గారు మన నుదుట రాసేది.

ప్లాస్టర్, మట్టి, చైనా పింగాణీ స్వరూపాలు మట్టిలోకి. మోకాలి లోతు గొయ్యి తీయాలి, లేకపోతే కుక్కలు తోడేస్తాయి, వానకు మట్టి కొట్టుకుపోయి తల బయటపడుతుంది. పాత తెల్ల నూలుబట్టలో చుట్టండి, ప్లాస్టిక్ సంచి వద్దు. పెద్ద స్వరూపమైతే బట్టలో చుట్టాకే సుత్తితో ముక్కలు చేయండి. ఈ మాట చెప్పగానే అందరూ వెనక్కి జంకుతారు. రూపం పూర్తిగా పోయాక అది ఆశీర్వదించిన వస్తువుగా మిగలదు. బట్ట కప్పి ఉంటుంది కాబట్టి ముఖం చూస్తూ కొట్టాల్సిన అవసరమూ లేదు. చేతకాకపోతే ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి, తప్పులేదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు మునుపటిలా పెరట్లో మల్లెచెట్టు కింద పూడ్చలేరు. సొంతూరికి తీసుకెళ్లండి, లేదా ఫాదర్ గారిని అడిగి సమాధుల తోటలో ఓ మూల పూడ్చండి. ప్లాస్టిక్, ఫైబర్ స్వరూపాలు మట్టిలో కరగవు. అందుకే వాటిని వీలైనంత వరకు రంగు వేసి ఎవరికైనా ఇవ్వడమే నయం.

ఇత్తడి సిలువలు, పతకాలు, వెండి జపమాలలను కరిగించొచ్చు. కరిగాక అది ఉత్త లోహం. మంత్రించిన వస్తువుగా దాన్ని ఎక్కువ ధరకు అమ్మడం మాత్రం కూడదు. వెండి డబ్బులు వస్తే పేదలకు సాయపడే విన్సెంట్ డి పాల్ సభ పెట్టెలో వేయమంటాను, అది నా సలహా. అమ్మ రోజూ పట్టుకున్న జపమాలైతే అసలు ఈ చర్చే వద్దు. సమాధి చేసేటప్పుడు ఆమె వేళ్లకు చుట్టేయండి.

సీసాల్లో ఏళ్ల తరబడి మిగిలిపోయిన మంత్రించిన నీళ్లను సింకులో పోయకండి, మొక్కలకు పోయండి. పీఠం మీద వాడే గుడ్డల మొదటి జాడింపు నీళ్లను మేమూ డ్రైనేజీలోకి వదలం, నేలలోకే పోస్తాం. లూర్దు నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఊట నీళ్లు మంత్రించినవి కాకపోయినా అలాగే చేస్తే బాగుంటుంది. కొవ్వొత్తి ముక్కలు దాచండి, మృతులను తలుచుకునే నవంబరు 2న సమాధుల దగ్గర వెలిగించడానికి పనికొస్తాయి.

ఇప్పుడు చేయకూడనివి. మన చుట్టుపక్కల పాత దేవుడి పటాలను రావిచెట్టు కింద పెట్టే అలవాటు ఉంది. అది చూసి మనవాళ్లు గుడి ఆవరణలోని మరియమ్మ గుహ దగ్గర రాత్రిపూట వదిలేసి వెళ్తున్నారు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే గుణదల మరియమ్మ తిరునాళ్లకు వెళ్తూ ఇంట్లో పాతవన్నీ మూటకట్టి తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. తెల్లారి వాటిని ఊడ్చేది పారిశుద్ధ్య కార్మికులు, వెళ్లేది చెత్తబండిలోకి. గుడిలో ఇవ్వాలంటే ముందు అడగండి, చేతికి ఇవ్వండి. నిమజ్జనం అంటూ బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో వేయకండి. ఆ రంగులు నీళ్లలో కలుస్తాయి, స్వరూపం ఏ లాకు దగ్గరో బోర్లా తేలుతుంది.

రెండు విషయాల్లో మాత్రం మీరు చెయ్యి పెట్టకండి. పాత జపపుస్తకం పేజీల మధ్య ఎండిన అప్పం కనబడితే అది దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా మారిన అప్పం) కావచ్చు. కాల్చకుండా, పూడ్చకుండా, పుస్తకంతో సహా వెంటనే ఫాదర్ గారికి అప్పగించండి. పునీతుల అవశేషం (ఎముక, బట్ట ముక్క లాంటిది) ఉన్న చిన్న డబ్బీ దొరికినా అంతే. దాన్ని అమ్మడాన్ని 1190వ చట్టం పూర్తిగా నిషేధించింది.

ఇంట్లో కోడలో, అల్లుడో వేరే మందిరానికి వెళ్తూ, “ఈ విగ్రహాలు తీసేయండి” అని పట్టుబట్టే ఇళ్లు నాకు చాలా తెలుసు. కోపంలో ఎవరూ పగలగొట్టకముందే అత్తగారి తరఫు బంధువులకు ఫోన్ చేయండి, అడిగి తీసుకెళ్లేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. పంచుకునేటప్పుడు తిరుహృదయ పటం ఎవరికన్నది ముందే మాట్లాడుకోండి. అన్నదమ్ముల మధ్య పొలం కన్నా దాని మీదే ఎక్కువ గొడవ చూశాను.

పండుగ ఫ్లెక్సీలు కొత్త తలనొప్పి. మంత్రించినవి కావు, కాల్చడానికి లేదు, పూడ్చినా పోవు. ముఖాల మీద గోడలకు వేసి మిగిలిన పెయింట్ రెండు పూతలు వేసి, ఆరాక రంగు వేసిన వైపు లోపలికి పెట్టి కట్టెల మీద కప్పుకోండి. వచ్చే ఏడు ఫ్లెక్సీ వేయించేటప్పుడు మరియమ్మ బొమ్మ లేకుండా ఉత్త అక్షరాలతో వేయించమని మా యువత వాళ్లకు చెబుతూనే ఉన్నాను, ఇంకా వినలేదు.