స్టీరింగ్ కీచుమంటే పంపు కొనే ముందు చూడాల్సినవి

పాత బండికి స్టీరింగ్ తిప్పగానే కీచుమని అరుపు మొదలైతే, షెడ్డుకి తీసుకెళ్లగానే వినపడే మాట ఒకటే. "పంపు పోనాది బాబూ, మార్చీయాల." పంపు అంటే ఆయిల్ ప్రెషరుతో స్టీరింగ్‌ని తేలిగ్గా తిప్పించే పవర్ స్టీరింగ్ పంపు. చాలా బండ్లలో ఇంజన్ దాన్ని బెల్టుతో తిప్పుతుంది. విజయనగరంలోనూ ఇదే, శ్రీకాకుళంలోనూ ఇదే. నేను పాత మినీ లారీ ఒకటి సొంతంగా తోలుకుంటాను, చిన్న రిపేర్లు ఇంటి దగ్గరే చేసుకుంటాను. నా లెక్కలో పంపుని ఆఖర్న అనుమానించాలి. ముందు బెల్టు, తర్వాత ఆయిలు, ఆ తర్వాత ఆయిల్లో చేరిన గాలి. వీటికయ్యే ఖర్చు పంపు ఖరీదు ముందు లెక్కలోకే రాదు.

పానా పట్టుకునే ముందు ఆ చప్పుడు ఎప్పుడు వస్తోందో వినండి. పాటలు ఆపి, అద్దాలు దించి, ఖాళీ స్థలంలో బండి మెల్లగా కదుపుతూ ఎడమకీ కుడికీ తిప్పండి. సన్నగా, చెవులు చిల్లులు పడేలా కీచుమంటే, అదీ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడో ఫుల్ కటింగ్ (స్టీరింగ్ పూర్తిగా తిప్పడం) కొట్టినప్పుడో వస్తే, నూటికి తొంభై పాళ్లు బెల్టు జారుతోందని అర్థం. గుయ్యిమని మూలుగుతూ, రేజింగ్ (యాక్సిలరేటర్) ఇచ్చేకొద్దీ పెరుగుతుంటే అది ఆయిల్ తక్కువవడమో, గాలి చేరడమో. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు మాత్రమే సర్రుమనే శబ్దం వచ్చి, కొంచెం వెనక్కి తిప్పగానే పోతే కంగారు పడక్కర్లేదు. ప్రెషరు ఎక్కువైనప్పుడు లోపలి వాల్వు తెరుచుకునే చప్పుడది, కొత్త బండికీ వస్తుంది. ఇక ఇంజన్ ఆపేసి తిప్పినా కిర్రుమంటోందంటే పంపుకీ దానికీ సంబంధమే లేదు. ముందరి యాక్సిల్ జాకీ మీద లేపి కింగ్‌పిన్లకి (ముందు చక్రం పక్కకి తిరిగే పిన్నులు), రాడ్ ఎండ్లకి (స్టీరింగ్ రాడ్ల కొసల్లోని కీళ్లు) గ్రీజు కొట్టించండి. వరి కోతల రోజుల్లో పొలం గట్ల మీద తిరిగే బండ్లకి ఈ జబ్బు ఎక్కువ. మట్టి చేరుతుంది, గ్రీజు ఎండిపోతుంది.

హైవే మీద నోరెత్తని బండి ఊళ్లోకి రాగానే ఎందుకు అరుస్తుందని చాలామంది అడుగుతారు. భోగాపురం నుంచి రణస్థలం దాకా నేరుగా పోయే బండికి పంపు సాయం పెద్దగా అక్కర్లేదు. అదే లోడుతో విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఇరుకులో, బండి దాదాపు ఆగి ఉండగా చక్రాలు తిప్పాలంటే పంపు మీద విపరీతమైన బరువు పడుతుంది. ఆ బరువుకి పంపు పుల్లీ (బెల్టు పట్టుకుని తిరిగే చక్రం) తిరగడానికి మొరాయిస్తుంది, బెల్టు దాని మీద జారుతుంది, అరుస్తుంది. ముందు టైర్లలో గాలి తక్కువుంటే ఈ బరువు ఇంకా పెరుగుతుంది. అందుకే మొదట టైర్లలో గాలి చూసుకోమంటాను. పైసా ఖర్చు లేని పని.

ఒక జాగ్రత్త చెప్పి ముందుకెళ్తాను. మెడలో తువ్వాలుతో గానీ, లుంగీతో గానీ నడుస్తున్న ఇంజన్ మీదకి వంగొద్దు. బెల్టుకి కొస చిక్కిందంటే మనిషిని లాక్కుపోతుంది. బెల్టుని చేత్తో ముట్టుకునే పని ఏదైనా ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే.

క్యాబిన్ లేపగానే పంపు ఎక్కడుందో, దేనితో తిరుగుతోందో చూడండి. పెద్ద లారీలు కొన్నింటికి పంపు ఇంజన్ గేరుతోనే తిరుగుతుంది, బెల్టు ఉండదు. అలాంటి బండి కీచుమంటే ఆ అరుపు ఫ్యాన్ బెల్టుదో డైనమో బెల్టుదో అయ్యుంటుంది. గుయ్యిమంటే మాత్రం ఆయిల్ సంగతి చూడాలి.

బెల్టు ఉన్న బండికి ముందు నీళ్ల పరీక్ష. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి, దూరంగా నిలబడి, బెల్టు లోపలి వైపు బాటిల్‌తో కొద్దిగా నీళ్లు చిమ్మండి. అరుపు ఠక్కున ఆగి కాసేపటికి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒక వరసలో లేవు, లేదా బెల్టు అరిగింది. నీళ్లు పడగానే అరుపు పెరిగితే బెల్టు వదులైంది. వానలో నీటి గుంట దాటాక రెండు నిమిషాలు కీచుమని ఊరుకుంటే దాన్ని జబ్బు కింద లెక్కేయొద్దు.

ఇంజన్ ఆపి, రెండు పుల్లీల మధ్య బెల్టుని బొటనవేలితో గట్టిగా నొక్కండి. సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగితే సరిపోతుంది. మీ బండి మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దాన్నే పట్టుకోండి. ఎక్కువ దిగితే బిగించాలి. అలాగని వీణ తీగలా బిగించేస్తే బెల్టు నోరు మూసుకుంటుంది గానీ, పంపు బేరింగు, డైనమో బేరింగు రెండూ పోతాయి. షెడ్లలో తొందర మీద జరిగేది ఇదే. అరుపు ఆగిందని సంతోషపడి వచ్చేస్తాం, కొన్నాళ్లకి బేరింగు అరవడం మొదలెడుతుంది. అప్పుడు నిజంగానే "పంపు పోనాది" అవుతుంది.

బెల్టుని తిరగేసి పక్కలు చూడండి. అద్దంలా మెరుస్తుంటే, పగుళ్లుంటే, దారాలు లేచుంటే బిగించి లాభం లేదు, మార్చాల్సిందే. వీ బెల్టు అయితే పుల్లీ గాడి అడుగు కూడా చూడాలి. అడుగు తళతళలాడుతోందంటే బెల్టు అరిగి లోపలికి దిగిపోయింది. అది పక్కలతో పట్టు పట్టాలి గానీ అడుగున ఆనకూడదు. జంట బెల్టులైతే రెండూ ఒకేసారి మార్చండి. ఒకటి పాతది ఉంచితే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. సబ్బు రుద్దడం, పౌడరు చల్లడం, గ్రీజు పూయడం లాంటివి చేయొద్దు. ఆ పూటకి ఊరుకుంటుంది, తర్వాత ఇంకా జారుతుంది.

కొత్త బెల్టు వేసినా అరుస్తోందంటే పుల్లీల వరస చూడాలి. దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు, మన ప్రాంతంలో ఏ కిరాణా కొట్లోనైనా దొరికే పురికొస చాలు. రెండు పుల్లీల ముఖాల మీదుగా బిగువుగా లాగి పట్టుకోండి. ముఖాలు ఒకే రకం పుల్లీలైతే రెండింటికీ పురికొస సమానంగా ఆనాలి. ఒకచోట ఖాళీ కనిపిస్తే పంపు బ్రాకెట్ బోల్టు వదులైందో, వాషరు ఎక్కడో మిస్సయిందో వెతకండి. బెల్టు మీద ఆయిల్ తడి ఉంటే అది ఎక్కడ నుంచి కారుతోందో పట్టుకుని ఆపాకే కొత్తది వేయండి. పుల్లీ గాడి తుడిచి ఆరబెట్టడం మరిచిపోవద్దు.

ఇప్పుడు ఆయిలు. పంపుకి ఆయిల్ అందించే డబ్బా మూత తీసే ముందు చుట్టూ ఉన్న దుమ్ము గుడ్డతో తుడవండి. ఒక్క ఇసుక రేణువు పడినా పంపు లోపల గీతలు పడతాయి. ఆయిల్ డబ్బా మీది గీతకన్నా తక్కువుంటే కలపండి, కానీ మూత మీదో మాన్యువల్‌లోనో ఏది రాసుంటే అదే. చాలా బండ్లకి ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్లకి వాడే ఆయిల్) పోస్తారు. దారిలో దొరకలేదని బ్రేక్ ఆయిల్ పోశారో, లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే మొత్తం మార్చి, డబ్బాలోని ఫిల్టరు కూడా మార్చండి. సాలూరు ఘాటీ మలుపుల్లో లోడుతో తిరిగే బండ్లలో ఆయిల్ బాగా వేడెక్కుతుంది, తొందరగా నల్లబడుతుంది.

ఆయిల్ నురగ కట్టినా, పాలలా తెల్లబారినా గాలి చేరినట్టే. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఎక్కడా చుక్క కారడం లేదు కదా, లీకు లేదనుకుంటారు. డబ్బా నుంచి పంపుకి వెళ్లే పైపులో ప్రెషరు ఉండదు, పంపు అక్కడ పీలుస్తుంది. ఆ పైపు పగిలినా, క్లిప్పు వదులైనా ఆయిల్ బయటికి రాకుండానే గాలి లోపలికి పోతుంది. కాబట్టి ఆ పైపుని వేలితో నొక్కి చూడండి. గట్టిపడి పగుళ్లు కనిపిస్తే మార్చండి. ఆయిల్‌కి తట్టుకునే రకం హోసే కొనండి, నీళ్ల పైపు ముక్క తొడగొద్దు.

ఆయిల్లోని గాలి తీయాలంటే, ముందరి చక్రాలు నేలకి తగలకుండా జాకీతో లేపి, యాక్సిల్ కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టండి. జాకీ ఒక్కదాన్నీ నమ్మొద్దు. ఇంజన్ ఆపే ఉంచి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా ఓ పదిహేను ఇరవై సార్లు తిప్పండి. పక్కన ఒకరు నిలబడి డబ్బాలో ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తుండాలి. బుడగలు ఆగాక స్టార్ట్ చేసి, ఐడిలింగ్‌లోనే మళ్లీ మెల్లగా తిప్పండి. చివర్న ఐదు సెకన్లకి మించి పట్టుకోవద్దు. తర్వాత ఇంజన్ ఆపండి. ఆపగానే డబ్బాలో ఆయిల్ బాగా పైకి లేచిందంటే ఇంకా గాలి ఉన్నట్టే, కాసేపు ఆగి మళ్లీ మొదలెట్టాలి.

ఇన్ని చేశాక కూడా అరుస్తుంటే అప్పుడు పంపు. బెల్టు తీసేసి పుల్లీని చేత్తో తిప్పండి. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా బేరింగు పోయింది. బెల్టు లేకుండా కొద్ది సెకన్లు ఇంజన్ వేసి వినడం కూడా మంచి పరీక్షే. కానీ నీళ్ల పంపు కూడా అదే బెల్టుతో తిరిగే బండి అయితే వెంటనే ఆపేయాలి, లేకపోతే ఇంజన్ వేడెక్కుతుంది. ఘాటీలో బెల్టు తెగినా ఇదే భయం. అప్పుడు స్టీరింగ్ బిగుసుకుపోదు గానీ బాగా బరువవుతుంది, రెండు చేతులా బలం పెట్టి పక్కకి తీసి ఆపొచ్చు.

కొత్త పంపు వేయాల్సే వస్తే పాత ఆయిల్ మొత్తం కడిగేసి, ఫిల్టరు మార్చి, పైన చెప్పినట్టు గాలి తీశాకే రోడ్డెక్కించండి. పాత పంపు అరిగిన లోహపు పొడి పైపుల్లోనే మిగిలితే కొత్తదాన్ని కూడా తినేస్తుంది. కొత్త బెల్టు కొంచెం సాగుతుంది కాబట్టి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బొటనవేలితో నొక్కి చూసి బిగించుకోండి.