చీకట్లో బతుకమ్మ ఫొటోలు: కిట్ లెన్స్‌తోనే, ఫ్లాష్ లేకుండా

బతుకమ్మ ఆట ఊపందుకునేసరికి పొద్దు గూకిపోతుంది, అసలు ఇబ్బందంతా అక్కడే. కెమెరాని ఆటోలో వదిలేస్తే చీకటి చూసి ఫ్లాష్ లేపుతుంది, దాంతో ముందున్న ఇద్దరి మొహాలు తెల్లగా వెలిగిపోయి వెనకున్నవాళ్లంతా నల్లగా పడతారు. సరే అని ఫ్లాష్ ఆపితే షటర్‌ని (వెలుగు లోపలికొచ్చేలా తెరుచుకుని ఉండే సమయం) సెకనులో 1/15 వంతుకో అంతకంటే కిందకో దించేస్తుంది, ఇక చప్పట్లు కొట్టే చేతులన్నీ అలుక్కుపోతాయి. గ్రెయిన్‌ని (చీకట్లో తీసిన ఫొటోలో కనపడే నలుసులు) తర్వాత కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు కానీ కదిలిపోయిన ఫొటోని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా బాగుచేయలేదు. అందుకే షటర్ సంగతి మాత్రం మన చేతిలోనే ఉండాలి.

మోడ్ డయల్‌ని ఎం మీదకి తిప్పండి. మాన్యువల్ అనగానే టెన్షన్ పడక్కర్లేదు, ఐఎస్ఓని (కెమెరా వెలుగుని ఎంతగా పట్టుకోవాలో చెప్పే సెట్టింగ్) ఆటోలోనే ఉంచుతున్నాం, కాకపోతే పై పరిమితి 6400 పెట్టండి. షటర్ 1/100. అపర్చర్, అంటే వెలుగొచ్చే రంధ్రం, లెన్స్ ఎంత పెద్దది ఇస్తే అంత (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). కెమెరాతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్స్ 18 దగ్గర ఎఫ్/3.5 ఇస్తుంది, 55కి జూమ్ చేస్తే ఎఫ్/5.6కి వచ్చేస్తుంది, అంటే లోపలికొచ్చే వెలుగు సగానికన్నా తక్కువైపోతుంది. కాబట్టి జూమ్ జోలికి పోకుండా నాలుగడుగులు ముందుకేయండి (ఆడేవాళ్ల మధ్యలోకి దూరిపోకండి, వాళ్ల పండగ అది). 50ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉంటే ఇంకేం కావాలి.

1/100 ఎందుకంటే, మన కరెంటు 50 హెర్ట్జ్, దానిమీద వెలిగే ట్యూబ్‌లైట్లూ చవక ఎల్‌ఈడీలూ సెకనుకి 100 సార్లు మినుకుతుంటాయి. కంటికి తెలియదు గానీ 1/500లో తీస్తే తెలుస్తుంది, ఒక ఫొటో వెలుగ్గా, పక్క ఫొటో మబ్బుగా, ఒక్కోసారి అడ్డచారలతో వస్తుంది. 1/100 పెడితే ఒక మినుకు మొత్తం ఫ్రేములోకి వచ్చేస్తుంది. సైలెంట్ షటర్ ఉంటే అదీ ఆపేయండి, చారలు దానివల్లే ఎక్కువ. అమెరికాలో హాల్లో ఆడే బతుకమ్మకైతే అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 1/125 పెట్టుకోండి.

మరి 1/100లో చేతులు కదిలిపోవా? కదులుతాయి, ఎప్పుడు నొక్కామన్న దాన్నిబట్టి. వంగి చప్పట్లు కొట్టేటప్పుడు రెండు చేతులూ కలిసిన చోట క్షణం ఆగుతాయి, నొక్కాల్సింది అప్పుడే. రెండు చుట్లు ఊరికే చూస్తే పాట లయ మీకే పట్టుబడుతుంది. ఫోకస్ దొరక్క లెన్స్ అటూ ఇటూ తిరుగుతుంటే, ఫోకస్ పాయింట్‌ని అంతే దూరంలో ఉన్న చీర జరీ అంచు మీద పెట్టండి, ఇట్టే పట్టుకుంటుంది.

వెనక చీకటి ఎక్కువుంటే కెమెరా మోసపోయి ఫొటోని ఎక్కువ వెలిగిస్తుంది, ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 పెట్టండి. తంగేడు, బంతి పూల దగ్గర మరీ జాగ్రత్త. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే కనిపిస్తున్నా, విడిగా చూస్తే ఎరుపు గ్రాఫ్ కుడి గోడకి గుద్దుకుని ఉండొచ్చు, అప్పుడు రేకులు విడివిడిగా కనపడక అంతా పసుపు ముద్ద అయిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడండి, రాలోనే (కెమెరా కుదించకుండా దాచే ఫైల్ రకం) తీయండి.

ఇంకో మాట, పొద్దు గూకాక మొదటి అరగంట వదులుకోకండి. ఆకాశంలో నీలం మిగిలుండేది అప్పుడే.

ఇక ఎడిటింగ్. డబ్బు పెట్టక్కర్లేదు, కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్, ఫోన్‌లో డీఎన్‌జీ (ఒక రకం రా) ఫైళ్లకి స్నాప్‌సీడ్ చాలు. ముందు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా సర్దడం), వెనక ఎవరిదైనా తెల్లచొక్కా ఉంటే ఐడ్రాపర్‌తో దానిమీద నొక్కండి. తర్వాత హైలైట్స్ తగ్గించి షాడోస్ కొద్దిగా లేపండి. శాచురేషన్ స్లైడర్‌ని ముట్టుకోకండి, గునుగుపూలకి వేసిన రంగులే బోలెడుంటాయి. పసుపు మరీ కొడుతుంటే పసుపు ఒక్కదాన్నే తగ్గించండి. ఆరెంజ్‌ని లాగితే ఒంటిరంగు కూడా లాగేసి మొహాలు బూడిదరంగుకి తిరుగుతాయి. నాయిస్ రిడక్షన్ (గ్రెయిన్ తగ్గించడం) కాస్తంత చాలు, ఎక్కువైతే మొహాలు మైనంతో చేసినట్టు అయిపోయి చీర నేత కూడా పోతుంది. మొహాలు తెల్లబరిచే ఫిల్టర్లు మాత్రం దయచేసి వద్దు, అడగకుండా ఎవరి రంగూ మార్చే హక్కు మనకి లేదు.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, ఆ గ్రెయినే గళ్లుగళ్లుగా తేలుతుంది. జేపెగ్‌ని ఎస్ఆర్‌జీబీలో (ఫోన్లన్నింటికీ అర్థమయ్యే రంగుల పద్ధతి) ఎక్స్‌పోర్ట్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి.