పాత బీరు గొప్పదా, కొత్త బీరు గొప్పదా: ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

నెల్లూరులో యాభై దాటిన నలుగురు ఒకచోట కూర్చుంటే, మూత తీసిన కాసేపటికే ఎవరో ఒకరు అంటారు, "ఇప్పుడొచ్చేది బీరా అబ్బయ్యా, మా రోజుల్లో బీరంటే బీరు" అని. ఆ మాటలో కొంత నిజం ఉంది, కొంత లేదు. వాదించుకుంటే అది తెగేది కాదు, పద్ధతిగా రుచి చూస్తేనే తెలుస్తుంది. ఆ పద్ధతి రాస్తున్నా. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండినవాళ్లకే మందు అమ్మాలి కాబట్టి ఇది వాళ్లకే, అందులోనూ ఇప్పటికే తాగే అలవాటున్నవాళ్లకే. లేనివాళ్లు దీనికోసం మొదలుపెట్టొద్దు.

ముందు మనం దేన్ని తలచుకుంటున్నామో తెలుసుకోవాలి. గోల్డెన్ ఈగిల్ అంటే ఇప్పటికీ మా వయసు వాళ్ల ముఖాలు వెలుగుతాయి. హిమాచల్‌లోని సోలన్ పేరుతో ముడిపడ్డ మోహన్ మీకిన్ వాళ్ల బీరు, ఒకప్పుడు దేశమంతా దానిదే రాజ్యం. తర్వాత 1978లో యునైటెడ్ బ్రూవరీస్ వాళ్లు కింగ్‌ఫిషర్‌ని కొత్తగా దించాక ఆ పిట్ట బొమ్మే బీరుకి గుర్తైపోయింది. కళ్యాణి బ్లాక్ లేబుల్ అప్పుడప్పుడూ కనిపించేది. ఆ తర్వాత నాకౌట్, హేవార్డ్స్ 5000 వచ్చాయి, వాటితో మన తాగుడు తీరే మారింది, "ఏది బాగుంటుంది" అని అడిగేవాళ్లు "ఏది ఎక్కుతుంది" అని అడగడం మొదలుపెట్టారు. నా నాలుకకి గుర్తున్నంతలో పాత లైట్ బీర్లలో బార్లీ వాసన, చివర్లో ఒక శుభ్రమైన చేదు ఉండేవి. మనం పోగొట్టుకున్నామని బాధపడేది నిజానికి ఆ రెండింటినే. పేర్లు చాలావరకు ఇంకా ఉన్నాయి, వాటి వెనక కంపెనీలే మారాయి. నాకౌట్, హేవార్డ్స్ 2016లో ఏబీ ఇన్‌బెవ్ చేతికి వెళ్లాయి, యునైటెడ్ బ్రూవరీస్ 2021 నుంచి హైనెకెన్ చేతిలో ఉంది.

స్ట్రాంగ్ బీరు లెక్క ఒకసారి చూడండి. 650 మి.లీ. సీసాలో 5 శాతం లైట్ బీరైతే అసలు ఆల్కహాలు 32 మి.లీ. చిల్లర, 8 శాతం స్ట్రాంగైతే 52 మి.లీ. మన విస్కీలు 42.8 శాతం ఉంటాయి కాబట్టి స్ట్రాంగ్ బీరు ఒక్కటి తాగితే 120 మి.లీ. విస్కీ, అంటే రెండు లార్జ్ పెగ్గులు తాగినట్టే. "బీరే కదా" అని మూడు సీసాలు దించేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. రుచి సంగతికొస్తే, అంత ఆల్కహాలు రావడానికి బార్లీతో పాటు చక్కెరో, బియ్యమో, మొక్కజొన్నో బాగా కలుపుతారు, ఆ ఘాటు కింద బార్లీ వాసన మిగలదు. రుచి కోసమైతే స్ట్రాంగ్ కొనొద్దు, నా అభిప్రాయం ఇందులో మారదు.

మా జిల్లాలో కూర్చుని మందు గురించి రాస్తూ దూబగుంట ఆడవాళ్లని తలచుకోకపోతే తప్పు. 1992లో అక్కడ మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లాని దాటి రాష్ట్రాన్ని కదిలించింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. నిషేధం రోజుల్లో మావైపు వాళ్లు కొందరు తడ దాటి తమిళనాడు వైపు వెళ్లి తాగొచ్చేవాళ్లు. అలా అంత దూరం పోయి తాగిన బీరు ఎవరికైనా అమృతంలాగే గుర్తుంటుంది కదా, "మా రోజుల్లో" అనే మాటలో ఆ ఆత్రం కూడా కలిసి ఉందని నేను నమ్ముతాను. ఆ తర్వాత ఇంకో దశ, 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు షాపుల్ని ప్రభుత్వమే నడిపింది, అలవాటైన పేర్లు దొరక్క ఉన్నదే తాగాం, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాయి. ఈ ఎత్తుపల్లాల మధ్య ఏ బీరునీ వరసగా తాగి పోల్చే వీలు మనకి దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

సరే, కొనడం దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే సగం తీర్పు అక్కడే తేలిపోతుంది. షాపుకి వెళ్లి "కూలింగ్ ఉందా అన్నా" అని అడిగి చేతికిచ్చింది తీసుకోకండి, తేదీ చూడండి. మామూలు సీసా బీరు తయారైన ఆరు నెలల లోపు తాగమని లేబుల్ మీద రాసుంటుంది, కానీ ఆ ఆరు నెలలు నీడలో, చల్లగా ఉన్న సీసాకి. మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీలు కొడుతుంటే రేకుల గోడౌన్‌లో పేర్చిన పెట్టెల్లో ఉన్న బీరు రెండు నెలలకే ముసలిదైపోతుంది. అలాంటి బీరు తాగితే తడిసిన అట్టముక్క వాసన వస్తుంది, చేదు మొద్దుబారి ఒక చప్పటి తీపి మిగులుతుంది. "బ్రాండు పాడైపోయింది" అని మనవాళ్లు తిట్టుకునే చాలా సీసాల్లో తప్పు బ్రాండుది కాదు, ఎండది. కాబట్టి తయారై రెండు నెలలు దాటనిదే తీసుకోండి, వేసవిలో అయితే అమ్మకం బాగా జరిగే షాపులోనే కొనండి, అక్కడ సరుకు నిలవ ఉండదు. తేదీ లేబుల్ అంచున గానీ మెడ మీద గానీ చుక్కచుక్కల అంకెల్లో ఉంటుంది, తడి చేత్తో రుద్దితే చెరిగిపోతుంది, సీసాని బల్బు వైపు వంచి చూస్తే కనబడుతుంది.

అలా వంచినప్పుడే ఇంకోటి గమనించండి. సీసా భుజం దగ్గర, అడుగున చుట్టూ తెల్లగా గీరుకుపోయిన పట్టీ ఉందంటే అది చాలాసార్లు కడిగి మళ్లీ నింపిన సీసా, నింపే చోట పక్క సీసాలకి రాసుకుని అలా అవుతుంది. దాన్ని చూసి డూప్లికేట్ అని భయపడక్కర్లేదు. సీసా రంగు మాత్రం ముఖ్యం. వెలుతురు తగిలితే బీరులోని హాప్స్ (బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే పువ్వులు) చేదు విరిగి ఒక రకమైన పాడు వాసన పుడుతుంది, గోధుమరంగు సీసా దాన్ని బాగా ఆపుతుంది, పచ్చసీసా అంతగా ఆపలేదు. అందుకే షాపు ముందు ఎండ పడే అద్దాల ఫ్రిజ్‌లోంచి పచ్చసీసా తీసుకోవద్దు, లోపల అట్టపెట్టెలో ఉన్నది అడగండి, లేకపోతే టిన్ను కొనుక్కోండి. టిన్నుకి వెలుతురు బాధే లేదు.

ఇంటికొచ్చాక చల్లబెట్టడం. డీప్ ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోతే సీసా పగులుతుంది, ఆ గాజుముక్కలు ఏరడం నరకం. బక్కెట్లో ఐసు వేసి, సీసా మెడ దాకా నీళ్లు పోసి, రెండు గుప్పెళ్ల కల్లుప్పు చల్లండి, పావుగంట ఇరవై నిమిషాల్లో చేతికి జివ్వుమనేలా అవుతుంది. ఉప్పుకి మన తీరంలో కరువా. రొయ్యల కోసం కొట్టే దిమ్మ ఐసు తెచ్చుకుంటే మాత్రం అది తాగే నీళ్లది కాకపోవచ్చు, మూత తీసేముందు సీసా మూతినీ టిన్ను పైభాగాన్నీ మంచినీళ్లతో కడగండి. ఆ ఐసుముక్కల్ని గ్లాసులో వేసుకోవద్దు. అసలు ఏ ఐసూ వేసుకోవద్దు. లైట్ బీరుకి 5, 6 డిగ్రీలు చాలు, పళ్లు జిల్లుమనేంత చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి మంచిదీ చెడ్డదీ ఒకేలా ఉంటాయి.

గ్లాసులు ముందే సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేలా తొలిచి, గుడ్డతో తుడవకుండా బోర్లించి పెట్టండి. చేపల వేపుడు తిన్న చేత్తో పట్టుకుంటే నూనె అంటి నురగ చచ్చిపోతుంది, వాసన మోసుకొచ్చేది ఆ నురగే.

ఇక్కడ గ్లిజరిన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ నమ్మకం మా తరంలో చాలామందిని పట్టుకుంది. మూత తీసిన సీసాని నీళ్ల గ్లాసులో తలకిందులుగా పెడితే చిక్కటి ద్రవం ఒకటి తీగలా కిందికి దిగుతుంది, "చూడు, గ్లిజరిన్ దిగిపోతోంది" అంటారు. దిగేది గ్లిజరిన్ కాదు, బీరే. నీళ్లకన్నా బీరు కొంచెం బరువు, పైగా చల్లగా ఉంది, అందుకని అది కిందికి, నీళ్లు పైకి పోతాయి. అంటే డబ్బులిచ్చి కొన్న బీరులో మీ చేత్తో మీరే నీళ్లు కలుపుకుంటున్నారు. ఇది ఆపేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. నలుగురు మనుషులు, నాలుగు రకాలు సరిపోతాయి, మనిషికి ఒక్కో రకం 100 మి.లీ. కంటే వద్దు. మీకు బాగా అలవాటైన పాత లైట్ బీరొకటి, ఈమధ్య వచ్చిన లైట్ లాగర్ (లాగరంటే మనకి మామూలుగా దొరికే తేట బీరే) ఒకటి, గోధుమ బీరొకటి, స్ట్రాంగ్ ఒకటి. ఆ రోజు తాగని మనిషి ఒకరు కావాలి, వాళ్లు వంటింట్లోనే పోసి, గ్లాసుల అడుగున కాగితం ముక్క మీద నంబరు వేసి పంపాలి, లేబుల్ కనబడిందంటే నాలుక అబద్ధం చెప్పేస్తుంది. వరస కూడా వాళ్లకే చెప్పండి: లాగర్లు రెండూ ముందు, గోధుమది తర్వాత, స్ట్రాంగ్ ఆఖర్న. గ్లాసుని వంచి పోయడం మొదలుపెట్టి చివర్లో నిటారుగా పెట్టి రెండు వేళ్ల నురగ రానివ్వాలి. తాగేవాళ్లు ముందు వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి మింగి, మనసులో అనిపించింది అప్పుడే కాగితం మీద రాసుకోవాలి. పైకి చెప్పకూడదు, ఒకరు "ఇది కింగ్‌ఫిషర్ మామా" అన్నారంటే మిగతా ముగ్గురి నాలుకలూ అటే పోతాయి. ప్రతి గ్లాసులో రెండు గుక్కలు మిగిల్చి పావుగంట పక్కన పెట్టండి. అసలు బండారం బయటపడేది అక్కడ. మంచి లాగర్ కాస్త వెచ్చబడ్డా రొట్టె వాసన, చేదు నిలబడతాయి, నాసిరకంది చక్కెర నీళ్లలా మారుతుంది, స్ట్రాంగైతే స్పిరిట్ వాసన ముక్కుకి కొడుతుంది. మధ్యమధ్యలో మంచినీళ్లు తాగుతూ ఉండండి, బీరు ఒంట్లో నీళ్లని బయటికి తోసేస్తుంది, ఎండాకాలంలో అది చిన్న విషయం కాదు.

కొత్త బీర్ల మీద నా తీర్పు అడిగితే, గోధుమ బీరుకి నా ఓటు. మా వయసువాళ్లు మొదటిసారి చూసి "ఇదేంది, మడ్డిగా ఉంది, పాడైందా" అంటారు, వడకట్టరు కాబట్టి అలా ఉంటుంది. జర్మనీ పద్ధతిలో చేసినదాంట్లో మాగిన అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి, అవి కలిపినవి కావు, బీరుని పులియబెట్టే ఈస్ట్ పుట్టించేవి. బెల్జియం పద్ధతిలో, హోగార్డెన్ లాంటివాటిలో, నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. ధనియాల వాసన తెలిసిన మన ముక్కుకి అది పరాయి వస్తువు కానే కాదు. 2015లో వచ్చిన బిరా అనే బ్రాండు ఈ రకాన్ని మన పిల్లలకి బాగా అలవాటు చేసింది. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే రకం) సంగతి వేరు, హాప్స్ గుప్పించి చేసే ఆ చేదుని నేను గౌరవిస్తాను, కానీ మన తిండి పక్కన పెట్టను. చేదు, గ్యాసు, ఆల్కహాలు మూడూ కలిసి కారాన్ని ఇంకా రెచ్చగొడతాయి, నెల్లూరు రొయ్యల వేపుడు తిని ఐపీఏ తాగితే నోరు మండిపోతుంది. బెంగళూరులో 2010లో తెరిచిన టాయిట్ లాంటి చోట్ల అక్కడికక్కడే వండి పోసే తాజా బీరు ఉంటుంది, కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లినప్పుడు ఒక గ్లాసు తాగి చూడండి. తాజాదనం అంటే ఏంటో, పాత రోజుల్లో మనకి నచ్చింది బ్రాండా తాజాదనమా అన్నది అక్కడ స్పష్టంగా అర్థమవుతుంది.

స్టఫ్ గురించి రెండు మాటలు. రుచి చూసేంతసేపు ఉప్పులేని ఉడికించిన పల్లీలు చాలు. నాలుగు రకాలూ అయ్యాక ఎండు నెత్తళ్లు కరకరలాడేలా వేయించి, కారం తగ్గించి, నిమ్మకాయ పిండి పెట్టండి, లైట్ లాగర్‌కి దాన్ని మించిన జోడీ మైపాడులో దొరకదు, కొత్తకోడూరులో దొరకదు. చేపల పులుసు మాత్రం అన్నంలోకే, చింతపండు పులుపు పక్కన ఏ బీరైనా వెలవెలబోతుంది.

బండి తీసే మనిషి ఒక్క గుక్క కూడా తాగకూడదు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసు, రాత్రిపూట మన హైవే మీద లారీల మధ్య అసలు ప్రమాదం కేసుకన్నా పెద్దది. ఆల్కహాలు లేని 0.0 బీర్లు హైనెకెన్, బడ్‌వైజర్ వాళ్లవి వస్తున్నాయి, వంటింట్లో గ్లాసులు నింపిన మనిషికి అవి తెప్పించి ఇవ్వండి, చల్లగా ఉంటే బాగానే ఉంటాయి.

కాగితాలు విప్పి నంబర్లు పేర్లతో సరిచూసుకున్నాక, సీసాల్లో మిగిలిన బీరుని మూత పెట్టి రేపటికి దాచొద్దు, తెల్లారేసరికి చచ్చిపోతుంది. లైట్ బీరు మిగిలితే సోడా బదులు మిరపకాయ బజ్జీ పిండిలో కలపండి, గ్యాసు వల్ల పైపొర భలే కరకరలాడుతుంది. వేగినా ఆల్కహాలు పూర్తిగా పోదు కాబట్టి ఆ బజ్జీలు పిల్లలకి పెట్టకండి, వాళ్లకి విడిగా పిండి కలపండి.