బెండ్ శ్రుతికి చేరిన తీరు: నా అనుభవం

గిటార్‌పై హెవీ మెటల్ సోలోలలో నా బెండ్‌లు (తీగను పక్కకు నెట్టి స్వరాన్ని పైకి తీసుకెళ్లడం) శ్రుతికి కాస్త కిందే ఆగిపోయేవి. రికార్డు చేసుకుని వినేదాకా ఆ లోపం నాకు తెలియలేదు. మూడో తీగను 7వ ఫ్రెట్ (గిటార్ మెడపై అడ్డంగా ఉండే మెట్టు) వద్ద రెండు ఫ్రెట్ల ఎత్తుకు బెండ్ చేసే ముందు, చేరవలసిన స్వరాన్ని 9వ ఫ్రెట్‌పై మీటి చెవిలో నిలుపుకుని, ఉంగరపు వేలికి వెనుక మరో రెండు వేళ్లను ఆసరాగా ఉంచి, మణికట్టును తిప్పుతూ తీగను నెట్టడం మొదలుపెట్టాక తేడా స్పష్టంగా వినిపించింది. వైబ్రాటోను (స్వరాన్ని కొద్దిగా పైకీ కిందికీ ఊపడం) కూడా అదే మణికట్టు కదలికతో, మెట్రోనోమ్‌ను (క్లిక్‌లతో తాళం చూపే పరికరం) నిమిషానికి 60 బీట్‌ల వద్ద ఉంచి, ఒక్కో బీట్‌కు రెండు ఊపుల చొప్పున, ప్రతి ఊపులోనూ తీగ అసలు స్వరానికి తిరిగి వచ్చేలా సాధన చేశాను. వేగం కన్నా ఊపులు సమంగా ఉండటమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. పామ్ మ్యూట్ రిఫ్‌లలో (అరచేతి అంచుతో తీగలను అణచి, మళ్లీ మళ్లీ వాయించే చిన్న స్వరాల వరుసలలో) తాళం కన్నా ముందుకు పరుగెత్తే అలవాటు, మెట్రోనోమ్ క్లిక్ నాలుగు బీట్‌లలో 2, 4 బీట్‌లపై మాత్రమే వినిపించేలా పెట్టుకున్నాక తగ్గింది.