ఫాండెంట్ మీద లేసు అచ్చు: ఒక్కసారే ఒత్తాలి

కేకు మీద లేసు డిజైన్ వేయాలనుకోగానే చాలామంది ముందు లేసు గీతలు చెక్కిన సిలికాన్ మ్యాట్ కొనేస్తారు. నన్నడిగితే అంతకంటే ముందు చూసుకోవాల్సింది ఫాండెంట్ (కేకు మీద పరిచే చక్కెర ముద్ద) పదును. ఒత్తిన ఫాండెంట్‌ని గాలికి వదిలేస్తే పైన పొర కడుతుంది. ఆ తర్వాత ఎంత మంచి మ్యాట్ పెట్టినా గీతలు తేలవు, అంచుల వెంట సన్నటి పగుళ్లొస్తాయి. అందుకే మ్యాట్, కత్తి, బ్రష్షు, నీళ్లగిన్నె అన్నీ బల్లమీద సర్దుకున్నాకే నేను ఫాండెంట్ మూట విప్పుతాను.

కేకు చుట్టూ చుట్టే పట్టీకి ఉత్త ఫాండెంట్ వాడితే ఎత్తేటప్పుడు సాగి, పువ్వులు కోలగా మారిపోతాయి. అరకిలో ఫాండెంట్‌కి అర టీస్పూను టైలోస్ పొడి (ఫాండెంట్‌కి బిగువిచ్చే తినదగ్గ పొడి) కలిపి బాగా మర్దించండి. కవరులో గట్టిగా చుట్టి ఓ అరగంట పక్కన పెడితే బిగువొస్తుంది. పొడి ఎక్కువైతే మాత్రం పట్టీ కేకు చుట్టూ వంగకుండా విరుగుతుంది.

ఇక అచ్చు సంగతి. నిజం లేసుగుడ్డ పెట్టి ఒత్తితే దారాలున్న చోట గుంట పడుతుంది, ఖాళీలు పైకి తేలతాయి. లోపలికి చెక్కిన సిలికాన్ మ్యాట్ దీనికి తలకిందులు. దాంతో ఒత్తితే దారమే ఉబ్బెత్తుగా పైకొస్తుంది, చూడ్డానికి కేకుకి లేసు కుట్టినట్టే ఉంటుంది. ఈ తేడా ముందే తెలిస్తే రంగు ఎక్కడ వేయాలో కూడా తెలుస్తుంది. పెళ్లి కేకులకి నేను మ్యాట్‌నే వాడతాను. చిన్న కేకు మీద ఒక మూలకో, మధ్యలో ఒక పువ్వుకో అయితే గుడ్డ లేసు అందమే వేరు. గుడ్డ వాడితే కొత్తది తీసుకోండి. జరీ, పూసలు, జిగురు లేనిది చూసి, వేడినీళ్లలో జాడించి పూర్తిగా ఆరబెట్టి, దాన్ని కేకుల పనికే విడిగా దాచుకోండి. పీచు రాలే రకమైతే వద్దు.

పట్టీ కొలతకి కేకు చుట్టూ దారం చుట్టి చూడండి. 15 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి కేకుకి చుట్టుకొలత దాదాపు 47 సెంటీమీటర్లు వస్తుంది. పైన క్రీమో గనాషో (చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత) పూశాక ఇంకాస్త పెరుగుతుంది. అందుకే కొలత ఎప్పుడూ పూత అయ్యాకే. జోడింపు కోసం రెండు సెంటీమీటర్లు అదనంగా ఉంచుకుని, ఫాండెంట్‌ని 4 మిల్లీమీటర్ల మందాన సమంగా ఒత్తండి. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితే అచ్చు కూడా అలాగే పడుతుంది.

మ్యాట్ అంటుకోకుండా కార్న్‌ఫ్లోర్‌ని పల్చటి గుడ్డలో మూటకట్టి మెల్లగా తట్టండి. ముదురు రంగు ఫాండెంట్ అయితే ఆ పొడి తెల్లమచ్చలై కనిపిస్తుంది కాబట్టి మ్యాట్‌కి వేలితో కాస్త షార్ట్‌నింగ్ (డాల్డాలాంటి గడ్డకట్టిన కొవ్వు) రాయండి, చాలు. ఇప్పుడు మ్యాట్ పరిచి, ఒక చివర రోలింగ్ పిన్ ఆనించి, రెండు చేతుల బరువూ వేసి రెండో చివరిదాకా ఒకే ఊపున నడిపించండి. వెనక్కి తేవద్దు. తెచ్చారో, మ్యాట్ వెంట్రుకవాసి జరిగి ప్రతి గీతకీ పక్కన ఇంకో గీత పడుతుంది, దాన్ని సరిచేసే దారి లేదు. ఆ ముక్క మళ్లీ మర్దించి మొదటినుంచి ఒత్తడమే. మ్యాట్‌ని ఒక మూల నుంచి నింపాదిగా లేపండి.

పట్టీని అచ్చు లోపలివైపు ఉండేలా చాపచుట్టలా వదులుగా చుట్టండి. కేకుకి బ్రష్‌తో నీటి తడి మాత్రం తగిలించండి. నీళ్లు కారితే పట్టీ కిందికి జారుతుంది. బటర్‌క్రీమ్ పూతకి సొంత జిగట ఉంటే ఆ తడీ అక్కర్లేదు. చుట్టని కేకుకి ఆనించి విప్పుకుంటూ పోండి. అంటించడానికి స్మూదర్ (ఫాండెంట్‌ని నున్నగా రుద్దే పలక) వాడకండి, అచ్చు అణిగిపోతుంది. మెత్తటి పొడి స్పాంజితో తట్టండి.

చివర్లు కలిసేచోట నిట్టనిలువుగా కోయను నేను. పైకొచ్చే చివరని సన్నకత్తితో పూరేకుల అంచు వెంటే కోసి, కింది చివర మీద ఎక్కిస్తాను. కన్ను పువ్వు వెంట పోతుంది, అతుకు దొరకదు. ఓపిక పట్టాల్సిన పని ఇదే, కేకు మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే.

ఉబ్బెత్తు లేసుకి ముత్యపు మెరుపు పొడి తీసుకోండి. పొడి బ్రష్‌ని టిష్యూ మీద దులిపి, బల్లపరుపుగా పట్టి, పైన రాసీరాయనట్టు నడిపితే తేలిన దారాలకే మెరుపు అంటుతుంది. గుంట అచ్చుకైతే రంగుని నీళ్లలా పలచన చేసి గుంటల్లోకి దించి, పైపైది పిండేసిన స్పాంజితో వెంటనే తుడవాలి.

తినే లేసు విడిగా చేసి అంటించాలంటే పొడి మిశ్రమం దొరుకుతుంది. ప్యాకెట్ మీద రాసినట్టు కలిపి, మ్యాట్ గాడుల్లో నింపి, స్క్రేపర్‌ని ఏటవాలుగా పట్టి అటూ ఇటూ లాగండి. గాడుల మధ్య మ్యాట్ శుభ్రంగా కనిపించేదాకా గీకకపోతే కన్నాలు మూసుకుపోయి అది లేసులా ఉండదు. ఆరిందో లేదో ఒక మూల లేపి చూడండి. సాగితే ఇంకా ఆరాలి, పుటుక్కుమంటే మరీ ఆరింది. తీసేటప్పుడు మ్యాట్‌ని బోర్లించి, లేసుని బల్లమీదే ఉంచి, మ్యాట్‌ని లాగండి. లేసుని పట్టుకు లాగితే చిరుగుతుంది. దీన్ని విప్‌క్రీమ్ మీద మాత్రం పెట్టకండి. తడి తగిలితే కరుగుతుంది.

పూర్తయిన కేకు ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే డబ్బాలో మూసి పెట్టండి. బయటికి తీశాక కూడా చల్లదనం పోయేదాకా మూత తీయకండి. అప్పుడు చెమ్మ డబ్బాకే పడుతుంది, లేసు పొడిగా ఉంటుంది.