డిజిటల్ అరెస్ట్ భయంలో ఉన్న పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి

బ్యాంకు కౌంటర్లో పనిచేసే నాకు డబ్బు కంటే ముందు మొహాలు చూడటం అలవాటు. ఎఫ్‌డీ బ్రేక్ చేసేవాళ్లు మామూలుగా వడ్డీ ఎంత పోతుందని అడుగుతారు. అదేమీ అడగకుండా "తొందరగా ఆర్‌టీజీఎస్ చేసేయమ్మా" అంటూ చొక్కా జేబు తడుముకుంటున్నారంటే నాకు అనుమానమే. ఆ జేబులో ఫోన్ లైన్లోనే ఉండొచ్చు. సీబీఐ అనో ఈడీ అనో చెప్పుకున్నవాడు అవతల అంతా వింటుంటాడు. డిజిటల్ అరెస్ట్ అంటే ఇదే, అధికారులమని చెప్పి, మిమ్మల్ని అరెస్ట్ చేశామంటూ ఫోన్లోనే కట్టిపడేసి డబ్బు లాగే మోసం.

"ఇంత చదువుకుని ఎలా నమ్మారండీ?" అని మాత్రం అనకండి. ఆయనకు తెలివి లేక కాదు, హడలిపోయి నమ్మారు. వీడియో కాల్లో యూనిఫాం, సీలు వేసిన కాగితం, తన ఆధార్ నంబరు, పైగా "ఇంట్లో చెబితే పిల్లల్నీ కేసులో ఇరికిస్తాం" అన్న బెదిరింపు. ఏనాడూ పోలీస్ స్టేషన్ మెట్లెక్కని మనిషికి అది చాలు. ఆయన సిగ్గుపడేలా మీరు మాట్లాడితే లేచి ఇంకో బ్రాంచికి వెళ్లిపోతారు.

పైకి ఏమీ అడగొద్దు. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి: "ఎవరైనా బెదిరిస్తున్నారా? తల ఊపితే చాలు." సంతకం కలవలేదని చెప్పి మేనేజర్ గదిలో కూర్చోబెట్టండి. ఫోన్ బయటే ఉండాలి. మంచినీళ్లివ్వండి. అవతలివాడు ఆలోచించుకునే సందు ఇవ్వలేదు కదా, ఆ సందు మనమివ్వాలి.

అప్పుడు చెప్పండి, డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదని. 2024 అక్టోబర్ 'మన్ కీ బాత్'లో ప్రధాని మోదీ ఈ మాటే అన్నారని కూడా చెప్పండి. అధికారి పేరు వింటేనే వణికిన మనిషికి నా మాట కంటే అది బాగా ఎక్కుతుంది.

తర్వాత "ఇంట్లో మిమ్మల్ని తిట్టనివాళ్లెవరు?" అని అడిగి, వాళ్లకే ఫోన్ చేయండి. చాలామంది కొడుకు పేరు చెప్పరు, కోడలి పేరో మనవరాలి పేరో చెబుతారు!

డబ్బు అప్పటికే వెళ్లిపోయి ఉంటే, ఓదార్పులు తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టించండి. యూటీఆర్ నంబరు, అంటే డబ్బు పంపినప్పుడు ఆ లావాదేవీకి వచ్చే నంబరు, దగ్గర పెట్టుకోండి. ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది, విత్‌డ్రా కాకముందే తెలిస్తే ఆపించే వీలుంది. చాలామంది పరువు పోతుందని కాల్ లిస్టు, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేసేస్తారు. అవే ఆధారాలు, చెరపనివ్వకండి.